పంపు మీద ఉన్నంతసేపూ పాప ఒంట్లో ఏం జరుగుతుంది?

ప్రశ్న: మా పాపకు ఐదో నెల. బరువు 4.6 కిలోలు. గుండె కింది గదుల మధ్య గోడలో పెద్ద రంధ్రం ఉందని, ఆపరేషన్ చేసి మూయాలని డాక్టర్లు చెప్పారు. ఇంకో మూడు వారాల్లో తేదీ ఇచ్చారు. గుండెను ఆపి, హార్ట్-లంగ్ మిషన్ మీద పెడతామని, రక్తం సిద్ధంగా ఉండాలని అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. బంధువుల్లో ఒకరు, మిషన్ మీద పెడితే మెదడు దెబ్బతింటుంది, పిల్ల చురుగ్గా ఉండదు అన్నారు. ఇంకొకరు కిడ్నీలు పోతాయన్నారు. పెద్దవాళ్లకు గుండె ఆపకుండానే బైపాస్ చేస్తున్నారట కదా, పాపకు అలా కుదరదా? కాస్త పెద్దయ్యేదాకా ఆగితే తట్టుకునే శక్తి వస్తుందా? ఈ మిషన్లలో రకాలుంటాయా, ఏది మంచిదో మేమే అడగాలా? ఆపరేషన్ అయ్యాక పాపను మొదటిసారి చూసేటప్పుడు ఎలా ఉంటుంది? - ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆపరేషన్ థియేటర్లో ఆ మిషన్ పక్కన కూర్చుని నడిపేవాళ్లను పెర్ఫ్యూజనిస్టులు అంటారు. ఏళ్ల తరబడి నేను చేసిన ఉద్యోగం అదే. అంటే మీ బంధువులు తిడుతున్నది ఒక రకంగా నన్నే! అయినా కోపం రాలేదు. వాళ్లు పూర్తిగా అబద్ధం చెప్పలేదు. మిషన్ ప్రభావం మెదడు మీదా, కిడ్నీల మీదా, ఊపిరితిత్తుల మీదా పడుతుంది. కాకపోతే వాళ్లు మోతాదు సంగతి వదిలేశారు. ఎంతసేపు, ఎంత చల్లగా, రక్తం ఎంత పలచనై, ఏ వయసులో, ఎంత క్లిష్టమైన గుండెకు అన్నదాన్ని బట్టే ఆ ప్రభావం ఉంటుంది. పుట్టిన వారానికే గుండెలోని ప్రధాన నాళాలన్నీ విడదీసి మళ్లీ కుట్టే ఆపరేషన్ వేరు, ఐదో నెలలో ఒక రంధ్రం మూసే ఆపరేషన్ వేరు. రెంటికీ మిషన్ ఒకటే కావచ్చు, మోతాదు ఒకటి కాదు. మీ పాపకు పడేది చిన్న మోతాదు.

ముందు 'బైపాస్' అన్న మాట దగ్గర పడిన చిక్కు విప్పుకుందాం. పెద్దవాళ్ల బైపాస్ ఆపరేషన్ అంటే గుండె పైభాగాన పాకే రక్తనాళాల్లో అడ్డు వచ్చినప్పుడు, కాలి నుంచో ఛాతీ నుంచో తెచ్చిన నాళంతో పక్కదారి వేయడం. ఆ పని గుండె బయట జరుగుతుంది కాబట్టి, గుండె కొట్టుకుంటూ ఉండగానే కుట్లు వేయడం కుదురుతుంది. మీ పాపకు డాక్టర్లు చెప్పిన బైపాస్ వేరు. రక్తాన్నే గుండె, ఊపిరితిత్తుల నుంచి పక్కదారి పట్టించి మిషన్ గుండా నడపడం అది. పాప రంధ్రం గుండె లోపల ఉంది. గది తెరవాలి, లోపల రక్తం ఉండకూడదు, గుండె కదలకూడదు. అందుకే మిషన్ లేకుండా కుదరదు. పిల్లల్లో కూడా గుండె బయటి నాళాలకు చేసే కొన్ని ఆపరేషన్లు మిషన్ లేకుండానే చేస్తారు. మరికొన్ని రంధ్రాలను కాలి నాళం గుండా గొట్టం పంపి, చిన్న గొడుగు లాంటి పరికరంతో మూస్తారు. అది అందరికీ నప్పదు. రంధ్రం ఉన్న చోటు, సైజు, పక్కనున్న కవాటాలు, పిల్ల బరువు అన్నీ కలిసిరావాలి. పాపకు అది ఎందుకు వద్దనుకున్నారో కార్డియాలజిస్టును ఒక్కసారి అడగండి, మనసు కుదుటపడుతుంది.

మిషన్ చేసే పని చెబుతాను. శరీరంలోని చెడు రక్తం గుండెకు చేరే రెండు పెద్ద సిరల్లో సన్నని గొట్టాలు పెడతారు. రక్తం వాటి గుండా మిషన్ తొట్టిలోకి దిగుతుంది. అక్కడి నుంచి పంపు దాన్ని ఆక్సిజనేటర్లోకి నెడుతుంది. ఊపిరితిత్తుల పని చేసేది అదే. దాంతోపాటే రక్తాన్ని చల్లబరిచే, వేడి చేసే ఏర్పాటు కూడా ఉంటుంది. మంచి రక్తం మరో గొట్టం గుండా బృహద్ధమనిలోకి చేరి ఒళ్లంతా తిరుగుతుంది. ఆ తర్వాత గుండెకూ ఈ ప్రవాహానికీ మధ్య క్లాంప్ (నాళాన్ని నొక్కి మూసే పట్టకారు) వేసి, పొటాషియం ఎక్కువగా ఉన్న చల్లని ద్రావణాన్ని గుండె సొంత నాళాల్లోకి పంపుతారు. గుండె నిశ్చలంగా, మెత్తగా ఆగుతుంది. ఆగినా మెదడుకూ కిడ్నీలకూ రక్తం అందుతూనే ఉంటుంది. గుండె ఆగడం, ప్రాణం ఆగడం ఒకటి కాదమ్మా. గుండెకు విశ్రాంతి ఇచ్చి, దాని బరువు మేం మోస్తాం, అంతే.

ఈ పద్ధతిని తొలి రోజుల్లో ఎక్కువగా వాడింది పుట్టుకతో వచ్చే గుండె లోపాల కోసమే. జాన్ గిబ్బన్ అనే సర్జన్ 1953 మే 6న ఫిలడెల్ఫియాలో ఒక 18 ఏళ్ల అమ్మాయిని 26 నిమిషాల పాటు పూర్తిగా మిషన్ మీద ఉంచి, గుండె పైగదుల మధ్య రంధ్రం మూశారు. ఆ తర్వాతి పిల్లలు దక్కకపోవడంతో ఆయన ఆ మిషన్ వాడడమే మానేశారు. మరుసటి ఏడాది మార్చి 26న మినెసోటాలో వాల్టన్ లిల్లెహై అనే సర్జన్ మిషన్ జోలికే పోకుండా ఒక సాహసం చేశారు. ఏడాది దాటిన బాబును, పక్క బల్ల మీద పడుకోబెట్టిన వాడి తండ్రినీ గొట్టాలతో కలిపారు. బిడ్డ రక్తం తండ్రి ఒంట్లోకి, ఆక్సిజన్ నింపుకుని తిరిగి బిడ్డలోకి. తండ్రే మిషన్ అన్నమాట. మూసింది సరిగ్గా మీ పాపకున్న లాంటి రంధ్రమే. ఆ బాబు తర్వాత న్యుమోనియాతో చనిపోయాడు. అయినా ఏడాదిన్నర లోపే అదే పద్ధతిలో 45 మందికి ఆపరేషన్ చేస్తే 28 మంది కోలుకుని ఇంటికి వెళ్లారు. ఒకేసారి ఇద్దరి ప్రాణాలు పణంగా పెట్టే ఆపరేషన్ అని అప్పట్లో విమర్శలు వచ్చాయి. తల్లిదండ్రుల్లో ఎవరి ప్రాణమూ పోలేదు. ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఈ రోజు మీ పాపకు చేయబోయే ఆపరేషన్లో అనుభవమున్న కేంద్రాల్లో ప్రాణాపాయం సుమారు ఒక శాతం, లేదా అంతకంటే తక్కువ. మిషన్‌ను తిట్టుకునే ముందు అదొక్కటి గుర్తుంచుకోండి.

ఇప్పుడు మోతాదు లెక్కలోకి వద్దాం. పిల్లల దగ్గర మా అసలు తిప్పలు సైజుతోనే. పెద్ద మనిషి ఒంట్లో దాదాపు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. మిషన్ గొట్టాల్లో ముందుగా నింపే ద్రవం లీటరు, లీటరున్నర. అంత రక్తంలో కలిసినా పెద్దగా పలచబడదు. మీ పాప ఒంట్లో ఉన్నది కిలోకు 80 మిల్లీలీటర్ల లెక్కన మొత్తం దాదాపు 370 మిల్లీలీటర్ల రక్తం. రెండు చిన్న గ్లాసులు. గొట్టాలు ఎంత పొట్టివి, సన్నవి వాడినా వాటిలో నింపే ద్రవం దాదాపు దానికి దగ్గరగా వస్తుంది. ఉత్త సెలైన్ నింపి మొదలుపెడితే పాప రక్తం ఒక్క క్షణంలో సగానికి సగం నీళ్లవుతుంది. ఆక్సిజన్ మోసే ఎర్ర కణాలు చాలవు, గడ్డకట్టించే పదార్థాలూ చాలవు. అందుకే ఆ ద్రవంలో దాత రక్తం కలుపుతాం. రక్తం సిద్ధంగా ఉండాలని వాళ్లు అడగడానికి ముఖ్య కారణం ఇదే. పాపకు రక్తం బాగా పోతుందని భయపడి కాదు.

ఎంత పలచదనం వరకు ఫర్వాలేదన్నదాని మీద బోస్టన్‌లో శిశువుల మీద పరీక్ష చేశారు. రక్తంలో ఎర్ర కణాల వాటాను హెమటోక్రిట్ అంటారు. దాన్ని ఒక గుంపులో 20 శాతం దగ్గర, ఇంకో గుంపులో 30 శాతం దగ్గర ఉంచి చూశారు. ఏడాది వయసులో, పలచగా ఉంచిన పిల్లలు కూర్చోవడం, నిలబడడం లాంటి కదలికల పరీక్షల్లో వెనకబడ్డారు. అప్పటి నుంచి శిశువుల రక్తాన్ని మరీ పలచన కానివ్వకుండా చూడడం మా పనిలో అలవాటయింది. మీకు చెప్పదలచుకున్నది ఇదే. 'మిషన్ మెదడును దెబ్బతీస్తుంది' అనే ఒక్క వాక్యం లోపల ఇలాంటి నాలుగైదు వేర్వేరు సంగతులుంటాయి. ఒక్కోదానికి ఒక్కో పరిష్కారం వెతుకుతూ వచ్చారు.

రక్తం తర్వాత చలి. శరీరం ఒక్కో డిగ్రీ చల్లబడిన కొద్దీ దానికి కావలసిన ఆక్సిజన్ సుమారు 7 శాతం చొప్పున తగ్గుతుంది. 28 డిగ్రీల దగ్గర అవసరం దాదాపు సగం. 18 డిగ్రీలకు దింపితే ఎంత తక్కువ సరిపోతుందంటే, మిషన్‌ను కూడా ఆపేసి, ఒంట్లో రక్త ప్రవాహమే లేకుండా కొంతసేపు పని చేసుకోవచ్చు. దీన్ని సర్క్యులేటరీ అరెస్ట్ అంటారు. మరీ చిన్న పసికందుల్లో, గొట్టాలు అడ్డొచ్చే చోట, బృహద్ధమని వంపును బాగుచేసేటప్పుడు ఇది వరంలా కనిపించింది. 1970ల నుంచి బాగా వాడారు. మరి ఆ నిశ్శబ్దంలో మెదడుకు ఏమవుతోంది?

దీనికి జవాబు కోసం చేసిన ఒక అధ్యయనాన్ని మా వృత్తిలో అందరూ గురుపాఠంలా చెప్పుకుంటారు. 1988 నుంచి 1992 వరకు బోస్టన్‌లో, గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద నాళాలు తారుమారై పుట్టిన 171 మంది శిశువులను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో ఆపరేషన్ ఎక్కువ భాగం ప్రవాహం పూర్తిగా ఆపి, ఇంకో గుంపులో మిషన్‌ను తక్కువ వేగంతో నడుపుతూ చేశారు. ఆ పిల్లలను 16 ఏళ్లు వచ్చేదాకా మళ్లీ మళ్లీ పిలిచి పరీక్షించారు. అంత ఓపిక మామూలు విషయం కాదు. ఏడాది వయసులో ప్రవాహం ఆపిన పిల్లలే కదలికల్లో వెనకబడ్డారు. నాలుగేళ్లకు కూడా కదలికలు, మాటల విషయంలో ఆ తేడా కనిపించింది. కానీ ఎనిమిదేళ్లకు వచ్చేసరికి చిత్రం మారింది. రెండు గుంపుల సగటూ దాదాపు ఒకటే. ఒక్కో గుంపుకు ఒక్కో చోట లోటు కనిపించింది. ప్రవాహం ఆపిన సమయం సుమారు 40 నిమిషాల లోపు ఉంటే పెద్ద నష్టం లేదని, అది దాటిన కొద్దీ దెబ్బ పెరుగుతోందని కూడా తేలింది. 16 ఏళ్లకు పద్ధతుల మధ్య తేడా చాలా వరకు చెరిగిపోయింది. మిగిలింది ఏమిటంటే, రెండు గుంపుల్లోనూ సగం కంటే ఎక్కువ మందికి చదువులోనో, ప్రవర్తనలోనో ఏదో ఒక దశలో అదనపు సాయం కావలసి వచ్చింది.

ఇది చదివి గుండె జారిపోనివ్వకండి. మీ పాప జబ్బు ఆ జబ్బు కాదు. వాళ్లు పుట్టిన రోజుల్లోనే నీలంగా ఉండే పిల్లలు. అలాంటి గుండె జబ్బులున్న కొందరి మెదడు, ఆపరేషన్‌కు ముందే, ఇంకా చెప్పాలంటే తల్లి కడుపులోనే కాస్త ఆలస్యంగా ఎదుగుతుందని స్కానింగుల్లో తర్వాత తెలిసింది. అంటే నింద మొత్తం మిషన్ మీద వేయడానికి లేదు. మీ పాపది ఒక్క రంధ్రం. దీనికి సాధారణంగా ప్రవాహం ఆపాల్సిన అవసరమే రాదు. కొద్దిగానో మధ్యస్థంగానో చల్లబరచి, ప్రవాహం నిండుగా నడుపుతాం. శిశువులకు నిమిషానికి కిలోకు 150 నుంచి 200 మిల్లీలీటర్లు. అంటే మీ పాప రక్తమంతా నిమిషానికి రెండు సార్లు మిషన్ చుట్టి వస్తుంది. మెదడుకు ఆక్సిజన్ అందుతోందో లేదో చూడడానికి నుదుటికి ఒక స్టిక్కర్ అంటిస్తారు. అందులోంచి వెళ్లే కాంతి లోపలి రక్తంలో ఆక్సిజన్ స్థాయిని ఎప్పటికప్పుడు చూపిస్తుంది. అంకె కిందికి జారితే మేం ప్రవాహం పెంచుతాం, రక్తం కలుపుతాం, గొట్టం మడత పడిందేమో చూస్తాం. చివర్లో వేడెక్కించేటప్పుడు తొందరపడం. చలి కంటే వేడే మెదడుకు ఎక్కువ ప్రమాదం. గాలి బుడగ ఒక్కటి కూడా బృహద్ధమనిలోకి వెళ్లకూడదు. నాకు టెన్షన్ ఉండేది అక్కడే. అందుకోసం ఫిల్టర్లు, బుడగను కనిపెట్టే అలారాలు, తొట్టిలో రక్తం మట్టం తగ్గితే మోగే అలారాలు ఉంటాయి. అన్నీ ఉన్నా కళ్లు మాత్రం ఆ తొట్టి మీద నుంచి తిప్పం.

ఇక కిడ్నీల సంగతి. శిశువుల కిడ్నీలు ఇంకా పూర్తిగా పక్వం కావు. మిషన్ మీద రక్తపోటు, ప్రవాహం మారడం, కొన్ని ఎర్ర కణాలు చితికి వాటి రంగు పదార్థం రక్తంలో తేలడం, ఒళ్లంతా వాపు ప్రక్రియ మొదలవడం, ఇవన్నీ కలిసి వాటి మీద భారం వేస్తాయి. గుండె ఆపరేషన్ అయిన పసిపిల్లల్లో మొదటి ఒకటి రెండు రోజులు యూరిన్ తగ్గడం, క్రియాటినిన్ (కిడ్నీలు వడపోయాల్సిన వ్యర్థం) రక్తంలో పెరగడం చాలా తరచుగా చూస్తాం. ఎంత చిన్న వయసు, ఎంత ఎక్కువసేపు మిషన్, గుండె తర్వాత ఎంత బలహీనంగా ఉంది అన్నవి దాన్ని పెంచుతాయి. చాలామందిలో గుండె కుదుటపడిన కొద్దీ కిడ్నీలూ వాటంతట అవే తేరుకుంటాయి. కొందరు పసికందులకు పొట్టలో సన్నని గొట్టం పెట్టి కొన్ని రోజులు డయాలిసిస్ చేస్తారు. ఆ మాట వినగానే, జీవితాంతం డయాలిసిస్ చేయించుకునే పెద్దవాళ్లు కళ్ల ముందు మెదులుతారు. అది వేరు, ఇది వేరు. ఇక్కడ ఒంట్లో చేరిన నీళ్లు తీసేయడానికి వేసిన తాత్కాలిక తూము అది. మీ పాప ఆపరేషన్‌కు అదీ అవసరం పడే అవకాశం తక్కువ. 'కిడ్నీలు పోతాయి' అన్నవాళ్లు ఇలాంటి గొట్టం ఎవరికో చూసి ఉంటారు.

ఇందాక వాపు అన్నాను కదా, అది కొంచెం వివరంగా చెప్పాలి. మిషన్‌తో ఒళ్లు పడే ఎక్కువ పోట్లాట అక్కడే. రక్తం పుట్టి ఎప్పుడూ ప్లాస్టిక్‌ను తాకలేదు. రక్తనాళం లోపలి నున్నటి పొర ఒక్కటే దానికి తెలుసు. గొట్టాలను తాకగానే ఎవరో దొంగ చొరబడ్డాడనుకుని రక్షణ దళాలన్నీ లేస్తాయి. గడ్డ కట్టకుండా హెపారిన్ ఇస్తాం, చివర్లో దాన్ని ప్రోటమిన్‌తో విరిచేస్తాం. కానీ ఆ రక్షణ దళాలను పూర్తిగా పడుకోబెట్టే మందు ఇంకా లేదు. సన్నని రక్తనాళాల గోడలు కారుతాయి. నీరు కళ్ల కిందికి, పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పిల్ల ఎంత చిన్నదైతే ఆ ప్లాస్టిక్ వాటా అంత పెద్దది. ఈ నీటిని మిషన్ మీద ఉండగానో, దిగిన వెంటనేనో వడపోసి తీసే పద్ధతి ఉంది. దాన్ని అల్ట్రాఫిల్ట్రేషన్ అంటారు. 1990ల మొదట్లో లండన్‌లోని పిల్లల ఆసుపత్రి గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్‌లో, మిషన్ దిగాక వడపోసే పద్ధతికి రూపం ఇచ్చారు. రక్తం చిక్కబడుతుంది, గుండె వాపు తగ్గుతుంది. నా కళ్ల ముందే బీపీ మెల్లగా ఎక్కడం ఎన్నోసార్లు చూశాను.

స్టెరాయిడ్ ఇస్తే వాపు ఆగదా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. మేమూ ఏళ్ల తరబడి అలాగే అనుకున్నాం. 2022లో అమెరికాలో 1,200 మంది శిశువుల మీద జరిపిన పెద్ద పరీక్షలో, మిషన్ ద్రవంలో స్టెరాయిడ్ కలిపిన గుంపుకు చెప్పుకోదగ్గ మేలు తేలలేదు. షుగర్ పెరిగి ఇన్సులిన్ ఇవ్వాల్సి రావడం మాత్రం ఎక్కువైంది. అదే ఏడాది ఆక్సిజనేటర్లోకి నైట్రిక్ ఆక్సైడ్ వాయువు కలిపి చూసిన మరో పెద్ద పరీక్ష కూడా ఆశించిన ఫలితం ఇవ్వలేదు. అందుకని ఏదో ఒక పేరు పట్టుకుని 'అది వాడతారా' అని పట్టుబట్టకండి. రోలర్ పంపా, సెంట్రిఫ్యూగల్ పంపా అన్నదీ అంతే. మీ పాపకు పట్టే కొద్ది సమయంలో దానివల్ల వచ్చే తేడా దాదాపు లేదనే అంటాను. పంపు రకం కంటే దాన్ని నడిపే చేయి ముఖ్యం. ఇది మా వాళ్ల గొప్ప చెప్పుకోవడం అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఊపిరితిత్తులు మిషన్ మీద ఉన్నంతసేపూ దాదాపు ఖాళీగా, ముడుచుకుని ఉంటాయి. మళ్లీ రక్తం పోటెత్తగానే కాస్త బిరుసెక్కుతాయి. పెద్ద రంధ్రం ఉన్న పిల్లల్లో ఊపిరితిత్తుల నాళాలు అప్పటికే ఎక్కువ ఒత్తిడికి అలవాటు పడి ఉంటాయి కాబట్టి, ఆపరేషన్ అయ్యాక ఒక్కోసారి అవి హఠాత్తుగా బిగుసుకుంటాయి. అందుకే కొన్ని గంటలు, లేదా ఒకటి రెండు రోజులు వెంటిలేటర్ మీద మత్తులో ఉంచుతారు. పాప ఏడవకూడదని ఎందుకంత పట్టుదలగా చూస్తారో అర్థమవడానికి చెబుతున్నాను. గుండె కండరం కూడా మొదటి 6 నుంచి 12 గంటల్లో కాస్త డీలా పడి, తర్వాత పుంజుకుంటుంది. సాయంత్రం బాగున్న పాప రాత్రికి మందులు పెంచాల్సిన స్థితికి వస్తే అది ఎవరి పొరపాటూ కానక్కర్లేదు. మాకు తెలిసిన దారే అది. కాలేయం, పేగులు రెండు రోజులు మందగించి మళ్లీ దారిలో పడతాయి. పాలు అందుకే నెమ్మదిగా మొదలుపెడతారు.

కాస్త పెద్దయ్యేదాకా ఆగుదామా అన్నారు. ప్రశ్నలో తప్పు లేదు. చిన్న రంధ్రమైతే ఆగమనే చెబుతారు, చాలా వాటంతట అవే మూసుకుంటాయి. పెద్ద రంధ్రం లెక్క వేరు. ఎడమ గది నుంచి కుడి గదిలోకి దూకే రక్తం రోజూ ఊపిరితిత్తులను ముంచెత్తుతూ ఉంటుంది. పాప పాలు తాగుతూ ఆయాసపడడం, చెమటలు పట్టడం, బరువు పెరగకపోవడం అందుకే. ఐదో నెలలో 4.6 కిలోలంటే తను తాగిన పాలన్నీ ఆయాసానికే ఖర్చవుతున్నాయన్నమాట. ఆగితే బలం పెరగదు. పైగా ఏడాది, ఏడాదిన్నర దాటే కొద్దీ ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడి, ఇక ఆపరేషన్ చేసినా మళ్లీ మెత్తబడని స్థితికి చేరే ప్రమాదం ఉంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఇదే. ఒకప్పుడు పసిపిల్లలు మిషన్‌ను తట్టుకోలేరని, ముందు ఊపిరితిత్తుల నాళానికి పట్టీ బిగించి, పెద్దయ్యాక రంధ్రం మూసేవారు. రెండు ఆపరేషన్లు. ఇప్పుడు చాలా మటుకు నేరుగా మూసేస్తున్నారంటే, పైన చెప్పిన మోతాదును తగ్గించడం నేర్చుకున్నారనే అర్థం.

మరి మీరు ఏం అడగాలి? మిషన్ కంపెనీ గురించి కాదు. మిషన్ మీద ఎంతసేపు ఉంటుందని అనుకుంటున్నారు, ప్రవాహం పూర్తిగా ఆపే అవసరం రావచ్చా, ఎన్ని డిగ్రీలకు చల్లబరుస్తారు అని అడగండి. నుదుటి స్టిక్కర్‌తో ఆక్సిజన్ చూస్తారా, చివర్లో నీరు వడపోస్తారా అని కూడా అడగండి. ఇంత చిన్న పిల్లలకు ఇక్కడ ఏడాదికి ఎన్ని ఆపరేషన్లు చేస్తారన్నది అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న. రాత్రిపూట ఐసీయూలో పిల్లల గుండె జబ్బులు తెలిసిన డాక్టర్ ఉంటారా అన్నది దాని తర్వాతది. ఇవి అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. చిన్నబుచ్చుకుంటే అదీ ఒక సమాచారమే. డిశ్చార్జ్ కాగితంలో పంపు టైం, క్లాంప్ టైం, ఎంత వరకు చల్లబరిచారన్నది రాసి ఉండేలా చూసుకుని ఫైల్లో భద్రం చేయండి. మెదడు గురించి మీ భయానికి నిజమైన విరుగుడు ఆపరేషన్ రోజున కాదు, ఆ తర్వాత ఉంది. మెడ నిలపడం, కూర్చోవడం, మాటలు, తర్వాత బడిలో ఏకాగ్రత, ఇవన్నీ వేళకు వస్తున్నాయా అని పిల్లల డాక్టర్‌తో క్రమం తప్పకుండా చూపించండి. ఏదైనా వెనకబడితే త్వరగా మొదలుపెట్టిన ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ బాగా పనిచేస్తాయి.

ఈ మూడు వారాల్లో మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. పాపకు జలుబు, దగ్గు, జ్వరం, విరేచనాలు ఏది వచ్చినా దాచకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి. తేదీ పోతుందేమోనని చాలామంది చెప్పరు. జలుబుతో ఉన్న ఊపిరితిత్తులు మిషన్ నుంచి దిగేటప్పుడు పెట్టే ఇబ్బంది నాకు బాగా తెలుసు. అలాంటప్పుడు తేదీ వాయిదా పడితే అది మంచికే. ఇస్తున్న మందులు డాక్టర్ చెప్పకుండా ఆపకండి, కొత్తవి వేయకండి.

ఇక మొదటిసారి చూడడం. ముఖం ఉబ్బి ఉంటుంది, కనురెప్పలు వాచి ఉంటాయి, ఇది నా పాపేనా అనిపిస్తుంది. నోట్లో వెంటిలేటర్ గొట్టం, మెడలో, చేతికి సూదులు, ఛాతీ కింద నుంచి రక్తం, నీరు బయటకు పోయే గొట్టాలు, యూరిన్ గొట్టం, చుట్టూ మోగే మానిటర్లు. ప్రతి మోతకూ ఉలిక్కిపడకండి, ఎక్కువ భాగం పాప కదిలినందుకో, సెన్సార్ జారినందుకో మోగుతాయి. నర్సులు గంటగంటకూ రెండు సంగతులు చూస్తుంటారు. ఒకటి యూరిన్ సంచి. గంటకు కిలోకు ఒక మిల్లీలీటరు, అంటే మీ పాపకు గంటకు సుమారు ఐదు మిల్లీలీటర్లు వస్తుంటే కిడ్నీలకు రక్తం బాగానే అందుతున్నట్టు. రెండోది చూసి మీకు వింతగా అనిపించవచ్చు. దుప్పటి కాస్త పక్కకు తీసి పాప పాదం పట్టుకుని చూస్తారు. గుండె ఇంకా నీరసంగా ఉంటే రక్తం ముఖ్యమైన అవయవాలకే సరిపోయి, పాదాలు చల్లగా ఉండిపోతాయి. గుండె పుంజుకునే కొద్దీ వేడి మోకాలి నుంచి మడమకు, మడమ నుంచి వేళ్లకు దిగుతుంది. చేతులు శుభ్రం చేసుకుని, నర్సును అడిగి, మీరూ ఆ పాదమే పట్టుకోండి.